సూదితో, సన్నని గొట్టంతో క్యాన్సర్ వైద్యం: పాఠకుల సందేహాలు

శరీరాన్ని పెద్దగా కోయకుండా, స్కానింగ్ చిత్రాన్ని చూస్తూ చర్మం గుండా సూదినో, రక్తనాళం గుండా సన్నని గొట్టాన్నో క్యాన్సర్ గడ్డ దాకా పంపి చేసే చికిత్సలన్నిటినీ కలిపి ఇంటర్వెన్షనల్ ఆంకాలజీ అంటారు. వీటిని చేసేవారు ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టులు. ఈ విషయమై మాకు వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు "ఫలానా క్యాన్సర్‌కు ఇది పనికొస్తుందా?" అన్న ఒక్క ప్రశ్నే ఉంది. క్యాన్సర్ పేరు ఒక్కటే చెబితే ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. ఒకే పేరుగల వ్యాధి ఒకరిలో సూదితోనే నయం కావచ్చు, మరొకరిలో సూది ప్రస్తావనే రాకపోవచ్చు. గడ్డ ఎంత పెద్దది, ఎన్ని గడ్డలున్నాయి, వాటి పక్కన ఏమున్నాయి, ఆ అవయవంలో మిగిలిన భాగం ఎంత బాగా పనిచేస్తోంది అన్న సంగతులు తెలిస్తే తప్ప మాట్లాడలేము. అందువల్ల ఆ వివరాలు రాసిన ఉత్తరాలనే ఇక్కడ ఎంచుకున్నాను. రోగిని చూడకుండా రాస్తున్న జవాబులివి; వైద్యుడిని ఏమడగాలో తెలుసుకోవడానికే వీటిని వాడుకోండి.

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. హెపటైటిస్-బి వల్ల కాలేయం గట్టిపడి, సిర్రోసిస్ వచ్చిందని కొన్నేళ్లుగా మందులు వాడుతున్నారు. ఈ మధ్య తీసిన స్కానింగ్‌లో 2.3 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. బయాప్సీ కూడా చేయకుండానే అది కాలేయ క్యాన్సర్ అని, ఆపరేషన్ లేకుండా సూదితో కాల్చేస్తామని అంటున్నారు. కోసి తీయకపోతే వేరు మిగిలిపోదా?

జవాబు: ముందుగా బయాప్సీ సంగతి. సిర్రోసిస్ ఉన్నవారిలో ఈ క్యాన్సర్‌కు సీటీలోనూ ఎమ్మారైలోనూ ఒక ప్రత్యేక లక్షణం ఉంటుంది: స్కానింగ్ కోసం రక్తనాళంలోకి ఎక్కించిన మందు మొదట గడ్డలో చుట్టుపక్కల కంటే ఎక్కువగా మెరిసి, కాసేపటికి చుట్టుపక్కల కంటే త్వరగా వెలిసిపోతుంది. ఆ లక్షణం స్పష్టంగా ఉంటే ముక్క తీసి పరీక్షించకుండానే రోగనిర్ధారణ చేయవచ్చు. కాబట్టి అందులో తొందరపాటు ఏమీ లేదు.

వేరు మిగిలిపోతుందేమో అన్న మీ భయమే ఈ చికిత్స చేసే వైద్యుడికీ ఉంటుంది. అందుకే కనబడే గడ్డతో ఆగకుండా, దాని చుట్టూ అన్ని వైపులా 5 నుంచి 10 మిల్లీమీటర్ల మేర మంచి కాలేయాన్ని కూడా కలిపి కాలుస్తారు. రేడియో తరంగాల వల్ల గానీ మైక్రోవేవ్ వల్ల గానీ సూది మొన చుట్టూ వేడి పుడుతుంది. కణజాలం 60 డిగ్రీల సెల్సియస్ చేరితే అక్కడి కణాలు దాదాపు తక్షణమే చనిపోతాయి. దీనిని అబ్లేషన్ అంటారు. చనిపోయిన భాగాన్ని బయటికి తీయరు. అది లోపలే మచ్చగా మారి, నెలల తరబడి మెల్లగా కుంచించుకుపోతుంది. కాలేయంలోనే పుట్టిన క్యాన్సర్ 2 సెంటీమీటర్ల లోపు ఉన్నప్పుడు అబ్లేషన్ ఫలితాలు ఆపరేషన్‌కు దీటుగా ఉంటాయి. గడ్డలు మూడుకు మించకుండా, ఒక్కొక్కటి 3 సెంటీమీటర్లు దాటకుండా ఉన్నవారిలోనూ నయం చేసే ఉద్దేశంతోనే దీనిని చేస్తారు. ఆ కొలత దాటిన కొద్దీ అంచుల్లో బతికిన కణాలు మిగిలే అవకాశం పెరుగుతుంది. మీ నాన్నగారి గడ్డ ఈ హద్దులోనే ఉంది.

ఇక ఆపరేషన్ ఎందుకు వద్దన్నారన్నది. గట్టిపడిన కాలేయంలో కొంత భాగం కోసేస్తే, మిగిలిన భాగం ఆ భారం మోయలేక పొట్టలో నీరు చేరడం, కామెర్లు రావడం వంటి ప్రమాదాలుంటాయి. సూదితో కాల్చినప్పుడు పోయే మంచి కాలేయం చాలా తక్కువ. అయితే గడ్డ ఎక్కడుందో తప్పక అడగండి. 3 మిల్లీమీటర్లకు మించిన రక్తనాళం దాని పక్కనే ఉంటే, పారే రక్తం వేడిని ఎప్పటికప్పుడు తీసుకుపోవడం వల్ల ఆ వైపు అంచు సరిగా కాలకపోవచ్చు. రేడియో తరంగాల పద్ధతిలో ఈ ఇబ్బంది ఎక్కువ, మైక్రోవేవ్‌లో తక్కువ. పేగు, పిత్తాశయం, ప్రధాన పైత్యరస నాళం వంటివి ఆనుకుని ఉంటే వేడి వాటికి తగిలే ప్రమాదముంది. పేగు వంటి వాటిని మధ్యలోకి ద్రవం ఎక్కించి కొంత దూరం జరపగలరు గానీ, ప్రధాన పైత్యరస నాళాన్ని అలా జరపలేరు.

ఒక సంగతి మాత్రం మీ ఇంట్లో అందరికీ ముందే తెలిసి ఉండాలి. గడ్డ పూర్తిగా కాలిపోయినా, సిర్రోసిస్ అలాగే ఉంటుంది కనుక కాలేయంలో మరోచోట కొత్త గడ్డ పుట్టే అవకాశం ఉంటుంది. దానిని చికిత్స విఫలమైనట్లుగా భావించకూడదు. గడ్డతోపాటు సిర్రోసిస్ కూడా పోయే మార్గం కాలేయ మార్పిడి ఒక్కటే. ఆయన దానికి అర్హులో కాదో ఇప్పుడే అడిగి ఉంచుకోవడం మంచిది. హెపటైటిస్-బి మందులు ఆపకూడదు. చికిత్స తర్వాత దాదాపు నెలకు ఒక స్కానింగ్, ఆ తర్వాత మొదట్లో సుమారు మూడు నెలలకొకసారి స్కానింగ్ తప్పనిసరి.

ప్రశ్న: మా పెద్దమ్మకు కాలేయ క్యాన్సర్. గడ్డ 7 సెంటీమీటర్లు ఉంది. ఒక వైద్యుడు టేస్ చేద్దామన్నారు, మరొకరు టేర్ మేలన్నారు. రెండు పేర్లూ ఒకేలా ఉన్నాయి. తేడా ఏమిటి? ఎవరి మాట వినాలి?

జవాబు: పేర్లలాగే దారి కూడా రెంటికీ ఒకటే, చివర వదిలేదే వేరు: టేస్‌లో కీమో మందు, టేర్‌లో రేడియోధార్మిక గోళాలు. తొడ మొదట్లోనో మణికట్టు దగ్గరో ధమనిలోకి సూది గుచ్చి, సూదిలోంచి మెత్తని తీగ పంపి, సూది తీసేసి, ఆ తీగ మీదుగా గొట్టాన్ని లోపలికి జరుపుతారు. 1953లో స్వీడన్ రేడియాలజిస్టు స్వెన్ ఇవార్ సెల్డింగర్ ప్రచురించిన ఉపాయమిది. వినడానికి చాలా మామూలుగా ఉన్నా, ఈ వైద్యశాఖలో రక్తనాళాల గుండా జరిగే చికిత్సలన్నీ ఇప్పటికీ దాని మీదే నిలబడి ఉన్నాయి.

కాలేయానికి రక్తం రెండు దారుల్లో అందుతుంది. మంచి కాలేయానికి దాదాపు ముప్పావు వంతు రక్తం పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర ద్వారా వస్తే, క్యాన్సర్ గడ్డ మాత్రం తనకు కావలసినదంతా దాదాపుగా కాలేయ ధమని నుంచే లాగుకుంటుంది. అందువల్ల ధమనిలోంచి గడ్డకు వెళ్లే కొమ్మను వెతికి పట్టుకుని అక్కడ మందు వదిలితే, గడ్డకు దెబ్బ తగులుతుంది, చుట్టూ ఉన్న కాలేయం పోర్టల్ సిర మీద బతుకుతుంది. ఇతర అవయవాల కంటే కాలేయానికే ఈ చికిత్సలు ఇంతగా అమరడానికి ఆ రెండు దారులే కారణం.

టేస్‌లో కీమో మందును నూనెలాంటి ద్రవంలో కలిపి గానీ, మందు నింపిన సన్నని పూసలతో గానీ పంపి, ఆ కొమ్మను మూసేస్తారు. మందు అక్కడే నిలిచిపోతుంది, గడ్డకు రక్తం ఆగిపోతుంది. తగిన రోగులను ఎంచుకుని చేస్తే ఇది ఆయుష్షును పెంచుతుందని బార్సిలోనాలోనూ హాంగ్‌కాంగ్‌లోనూ జరిగిన రెండు అధ్యయనాలు 2002లో చూపించాయి. టేర్‌లో కీమో ఉండదు. యిట్రియం-90 అనే రేడియోధార్మిక పదార్థం ఉన్న అతి సూక్ష్మమైన గోళాలను పంపుతారు. వాటి కిరణాలు కణజాలంలో సగటున 2.5 మిల్లీమీటర్ల దూరమే వెళ్తాయి. ప్రతి 64 గంటలకూ వాటి శక్తి సగానికి తగ్గుతుంది. ఈ గోళాలు ధమనిని పెద్దగా మూసేయవు కనుక, పోర్టల్ సిరలోకి క్యాన్సర్ పాకి ఆ దారి అప్పటికే మూసుకుపోయిన వారిలో టేస్ కంటే టేర్‌ను కాలేయం మెరుగ్గా తట్టుకుంటుంది. ఆ స్థితిలో ధమనిని కూడా మూసేస్తే కాలేయానికి రెండు దారులూ పోతాయన్నది మీకు ఇప్పటికే తట్టి ఉంటుంది. అయితే టేర్‌కు ముందు మరో రోజు పరీక్షార్థం గొట్టం పంపాలి. గోళాలు కాలేయం దాటి ఊపిరితిత్తుల్లోకో జీర్ణాశయంలోకో జారిపోతే అక్కడ తీవ్రమైన హాని చేస్తాయి కనుక, తాత్కాలికమైన మరొక పదార్థాన్ని పంపి, అది ఎక్కడెక్కడికి వెళ్తుందో ముందుగా చూస్తారు.

ఎవరి మాట వినాలన్నది మీరు పంపిన రెండు పంక్తుల నుంచి చెప్పలేను. పోర్టల్ సిర తెరిచి ఉందా, బిలిరుబిన్ (కామెర్లలో రక్తంలో పెరిగే పసుపు పదార్థం) ఎంత, పొట్టలో నీరు ఉందా అన్న మూడూ అడగండి. బిలిరుబిన్ బాగా పెరిగినవారికి, పొట్టలో నీరు తగ్గనివారికి రెండు చికిత్సలూ మేలు కంటే కీడే ఎక్కువ చేయవచ్చు. 7 సెంటీమీటర్ల గడ్డకు టేస్ సాధారణంగా వ్యాధిని అదుపులో ఉంచే చికిత్సే. కొందరిలో గడ్డ చిన్నదై ఆపరేషన్‌కో మార్పిడికో వీలు కలుగుతుంది గానీ, ముందే అలా మాటివ్వడం సరికాదు. రెండుసార్లు టేస్ చేశాక కూడా గడ్డ లొంగకపోతే, మూడోసారి అదే చేయించుకోవడం కంటే ఇమ్యునోథెరపీ (శరీర రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి మళ్లించే చికిత్స) వంటి మందుల వైపు మళ్లడమే వివేకమని నా అభిప్రాయం. ప్రతిసారీ కాలేయం కొంత నష్టపోతుంది, చివరికి ఆ మందులు తట్టుకునే శక్తి కూడా మిగలదు.

ప్రశ్న: అమ్మకు రెండేళ్ల క్రితం పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు కాలేయంలో మూడు మచ్చలు, అన్నీ 2 సెంటీమీటర్ల లోపువే. నాలుగో దశ అంటే ఇక చేయడానికేమీ లేదని బంధువులు అంటున్నారు.

జవాబు: నాలుగో దశ అన్న మాట అన్ని క్యాన్సర్లలో ఒకే అర్థం ఇవ్వదు. పెద్దపేగు నుంచి కాలేయానికి మాత్రమే, అదీ కొద్ది మచ్చలుగా పాకినప్పుడు, వాటిని తీసేయడం వల్లనో కాల్చేయడం వల్లనో ఏళ్ల తరబడి బాగున్నవారు, పూర్తిగా నయమైనవారు కూడా ఉన్నారు. ఆపరేషన్‌కు వీలైన 3 సెంటీమీటర్ల లోపు మచ్చలలో అబ్లేషన్ ఆపరేషన్‌కు తీసిపోదని, దుష్ప్రభావాలు తక్కువని నెదర్లాండ్స్ వైద్యుల నేతృత్వంలో జరిగిన కొలిజన్ అనే అధ్యయనం చూపించింది. 2024లో దాని ఫలితాలు వెలువడ్డాయి. కాబట్టి మీ అమ్మగారి విషయంలో రెండు మార్గాలూ చర్చించదగినవే. కీమో అవసరమా, ముందా తర్వాతా అన్నది మెడికల్ ఆంకాలజిస్టుతో కలిసి తేల్చుకోవాలి.

ఇదే సందర్భంలో మరో పాఠకుడు "ఆపరేషన్‌కు ముందు కాలేయంలో సిర మూసేస్తామంటున్నారు, ఎందుకు?" అని అడిగారు. కాలేయంలో పెద్ద భాగం తీయవలసి వచ్చి, మిగిలేది చాలదనుకున్నప్పుడు, తీయబోయే భాగానికి వెళ్లే పోర్టల్ సిర కొమ్మను ముందే మూసేస్తారు. రక్తమంతా రెండో వైపు మళ్లి, కొన్ని వారాల్లో ఆ భాగం పెరుగుతుంది. అప్పుడు ఆపరేషన్ సురక్షితమవుతుంది.

ప్రశ్న: నాకు ఒకే మూత్రపిండం ఉంది. అందులో 2.8 సెంటీమీటర్ల గడ్డ బయటపడింది. గడ్డను గడ్డకట్టించే చికిత్స ఉందని విన్నాను. నిజమేనా?

జవాబు: నిజమే, దానిని క్రయో అబ్లేషన్ అంటారు. సూదుల్లోంచి ఆర్గాన్ వాయువును పంపి, మొన చుట్టూ మంచు ముద్ద ఏర్పడేలా చేస్తారు. కణాలు చావడానికి దాదాపు మైనస్ 40 డిగ్రీలు కావాలి. మంచు ముద్ద అంచు దగ్గర అంత చలి ఉండదు కనుక, దానిని గడ్డ కంటే పెద్దదిగా పెంచుతారు. ఆ ముద్ద సీటీలో స్పష్టంగా కనిపించడం వల్ల ఎంతవరకు వెళ్లామో అప్పటికప్పుడు తెలుస్తుంది. మూత్రపిండంలో 4 సెంటీమీటర్ల లోపు గడ్డలకు, ముఖ్యంగా 3 సెంటీమీటర్ల లోపు వాటికి, అబ్లేషన్ బాగా పనిచేస్తుంది. ఉన్న ఒక్క మూత్రపిండాన్నీ కాపాడుకోవాల్సిన మీలాంటివారికి దీనిని పరిశీలించడం సమంజసం. అయితే ఈ కొలతలో కనిపించే గడ్డల్లో కొన్ని అసలు క్యాన్సర్లే కావు కనుక, చికిత్సకు ముందు బయాప్సీ చేయించుకోండి.

ప్రశ్న: మా మామయ్యకు క్లోమ గ్రంథి క్యాన్సర్. ఆపరేషన్ కుదరదన్నారు. కామెర్లు బాగా పెరిగాయి, వీపులోకి పొడుచుకొచ్చే నొప్పితో రాత్రిళ్లు నిద్ర లేదు. ఈ దశలో ఈ పద్ధతుల వల్ల ఉపయోగం ఉంటుందా?

జవాబు: గడ్డను నయం చేసే ఉపయోగం ఆశించకండి. విద్యుత్ తరంగాలతో క్లోమ క్యాన్సర్ కణాలను చంపే పద్ధతి ఒకటి కొన్నిచోట్ల చేస్తున్నారు గానీ, అది అతి కొద్దిమందికే, నిపుణుల కేంద్రాలలోనే తగినది. మీరు రాసిన రెండు బాధలకు మాత్రం చేయగలిగింది చాలా ఉంది, ఆలస్యం చేయకూడదు.

గడ్డ పైత్యరస నాళాన్ని నొక్కేయడం వల్ల కామెర్లు వచ్చాయి. ఎండోస్కోపీ ద్వారా నాళంలో స్టెంట్ వేయడం మొదటి మార్గం. అది వీలుకానప్పుడు పక్కటెముకల మధ్య నుంచి సూదితో కాలేయంలోని నాళాన్ని చేరి, పైత్యరసం బయటికి గానీ పేగులోకి గానీ పారేలా గొట్టమో స్టెంటో అమరుస్తారు. కామెర్లు తగ్గితే ఒళ్లు దురద పోతుంది, ఆకలి కొంత మెరుగవుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా కీమో ఇవ్వడానికి దారి తెరుచుకుంటుంది. కామెర్లతోపాటు చలిజ్వరం కూడా వస్తే అది అత్యవసర పరిస్థితి.

నొప్పి సంగతికి వస్తే, క్లోమం నుంచి నొప్పిని మోసుకెళ్లే నరాల ముడి మహాధమనికి ముందువైపు ఉంటుంది. సీటీ చూస్తూ గానీ, ఎండోస్కోపీ ద్వారా గానీ అక్కడికి సూది పంపి ఆల్కహాలు ఎక్కిస్తే ఆ నరాలు మొద్దుబారతాయి. చాలామందికి నొప్పి తగ్గి, మార్ఫిన్ వంటి మందుల మోతాదు తగ్గించుకోగలుగుతారు. ప్రభావం సాధారణంగా కొన్ని నెలలుంటుంది. తర్వాత కొన్నాళ్లు విరేచనాలు, లేచి నిలబడితే రక్తపోటు పడిపోవడం ఉండవచ్చు. నొప్పి భరించలేని చివరి దశ దాకా ఆగి, అప్పుడు ఈ చికిత్సకు పంపడం తరచుగా జరుగుతోంది. నా దృష్టిలో అది పొరపాటు. నిద్రపోగలిగిన మనిషే కీమోను కూడా తట్టుకోగలడు. వెన్నుపూసకు క్యాన్సర్ పాకి, అది కుంగి నొప్పి పుట్టినవారి గురించి రాసిన పాఠకురాలికి కూడా ఇదే మాట వర్తిస్తుంది: సూదితో ఎముకలోకి సిమెంటు ఎక్కించి దానిని నిలబెట్టే చికిత్స ఉంది, మంచం పట్టక ముందే అడగండి. కాళ్లలో బలం తగ్గినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా ఇదీ అదీ ఆలోచించకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: మా మనవడికి పద్నాలుగు నెలలు. కంటిపాపలో తెల్లని మెరుపు కనిపిస్తే చూపించాము, రెటీనోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ అన్నారు. కన్ను తీసేయకుండా తొడలోంచి గొట్టం పంపి మందు వేస్తారట. అంత చిన్న బిడ్డకు అది సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే. పూర్తి మత్తులో ఉంచి, తొడ దగ్గరి ధమని నుంచి మెదడు వైపు వెళ్లే ధమని దాకా, అక్కడి నుంచి కంటికి వెళ్లే నేత్ర ధమని ముఖద్వారం దాకా అతి సన్నని గొట్టాన్ని చేర్చి, మెల్ఫలాన్ అనే కీమో మందును కొద్ది మిల్లీగ్రాముల మోతాదులో నెమ్మదిగా వదులుతారు. జపాన్ వైద్యులు అంతకుముందే వేరే పద్ధతిలో దీనికి దారి వేయగా, నేత్ర ధమనిలోకే మందు పంపే పద్ధతి 2006లో న్యూయార్క్‌లో మొదలై ఇతర దేశాలకు వ్యాపించింది. ఒంటికంతా ఇచ్చే కీమోతో పోలిస్తే మందు కంటిలో ఎక్కువగా, మిగతా శరీరంలో తక్కువగా చేరుతుంది. సాధారణంగా మూడు, నాలుగు వారాల వ్యవధితో కొన్నిసార్లు చేయవలసి ఉంటుంది.

క్యాన్సర్ కంటి లోపలే ఉన్నంతవరకే ఇది వర్తిస్తుంది. వ్యాధి నేత్రనాడిలోకి గానీ కన్ను దాటి గానీ వెళ్లిందన్న అనుమానముంటే, కన్ను కోసం బిడ్డ ప్రాణాన్ని పణంగా పెట్టకూడదు. కన్ను తీసేయాలని వైద్యులు చెబితే దయచేసి ఆ మాటను తోసిపుచ్చకండి. ఈ క్యాన్సర్‌లో కంటిలోంచి ముక్క తీసి బయాప్సీ చేయరు, సూది దారిలో వ్యాధి బయటికి పాకుతుందన్న భయం వల్ల. జన్యుపరంగా వచ్చే అవకాశం ఉంది కనుక రెండో కన్నును, తోబుట్టువుల కళ్లను కూడా పరీక్ష చేయించండి.

ప్రశ్న: రక్త క్యాన్సర్‌కు ఈ చికిత్స ఉందా?

జవాబు: లేదు. సూది ఎక్కడికి పంపాలో చూపించడానికి ఒక చోటు అంటూ ఉండాలి. రక్త క్యాన్సర్ ఒళ్లంతటికీ సంబంధించినది. కీమో ఇవ్వడానికి ఛాతీ చర్మం కింద పోర్ట్ (మందు ఎక్కించడానికి సిరకు కలిపి ఉంచే చిన్న పరికరం) అమర్చడం వరకే ఈ శాఖ సాయం.

ప్రశ్న: నాకు పది రోజుల క్రితం టేస్ చేశారు. మూడు రోజులు జ్వరం, కుడి పక్క నొప్పి ఉండి తగ్గాయి. నాతోపాటు చేయించుకున్న ఒకాయనకు నెల తర్వాత స్కానింగ్‌లో గడ్డ అంతే ఉందని రాశారట. అంటే డబ్బు, శ్రమ వృథా అయినట్లేనా?

జవాబు: మొదటి కొద్ది రోజుల్లో వచ్చే జ్వరం, నొప్పి, వాంతి వచ్చేలా ఉండడం ఈ చికిత్స తర్వాత తరచుగా చూసేవే. గడ్డ లోపల కణాలు చనిపోవడం వల్ల వచ్చే ఆ లక్షణాలు సాధారణంగా వారం లోపల తగ్గుతాయి. తగ్గిన జ్వరం చలితో మళ్లీ మొదలైతే మాత్రం కాలేయంలో చీము పట్టిందేమో చూడాలి. ఇంతకుముందు పైత్యరస నాళంలో స్టెంట్ వేయించుకున్నవారికీ, ఆ నాళాన్ని పేగుకు కలిపే ఆపరేషన్ అయినవారికీ ఈ ప్రమాదం ఎక్కువ. వారు ఆ సంగతిని చికిత్సకు ముందే చెప్పి తీరాలి.

స్కానింగ్ రిపోర్టులో ముందుగా సెంటీమీటర్లను చూడడం మనందరికీ అలవాటు. ఈ చికిత్సల తర్వాత ఆ అలవాటు తప్పుదారి పట్టిస్తుంది. చనిపోయిన గడ్డ వెంటనే మాయం కాదు. అబ్లేషన్ తర్వాతైతే మంచి కాలేయం కూడా కలిపి కాలుస్తారు కనుక మచ్చ మొదటి గడ్డ కంటే పెద్దదిగా కూడా కనిపిస్తుంది. రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసిన సీటీలోనో ఎమ్మారైలోనో ఆ మచ్చలో ఏ భాగమైనా ఇంకా మెరుస్తోందా అన్నదే లెక్క. ఎక్కడా మెరవకపోతే, కొలత మారకపోయినా గడ్డ చనిపోయినట్లే. అంచున ఒక చోట మెరుస్తుంటే అంత మేర బతికి ఉన్నట్లు, దానికి మళ్లీ చికిత్స చేయవచ్చు. కాబట్టి ఆ పెద్దమనిషిని రిపోర్టులో కొలత కింద రాసిన పంక్తులు కూడా వైద్యుడితో చదివించుకోమనండి. మీ స్కానింగ్ రోజున మీరు కూడా పాత సీడీలన్నీ వెంట తీసుకెళ్లండి. పాత చిత్రం పక్కన పెట్టి చూడకుండా ఈ మెరుపు సంగతి తేల్చడం ఎవరికైనా కష్టమే.